క్రోమిక్ యాసిడ్ ట్యాంకు తీసేయండి: చిన్న ప్లేటింగ్ షాపు ట్రైవాలెంట్‌కు మారడం ఎలా

కుళాయిలు, బైకు పార్టులు, కుర్చీ కాళ్లు, బట్టల షాపుల్లో స్టాండ్లు. ఇలాంటి వాటికి మెరుపు కోసం క్రోమ్ వేసే షాపు మీదైతే ఇది మీ కోసమే. క్రోమిక్ యాసిడ్ ట్యాంకును పూర్తిగా తీసేసి ట్రైవాలెంట్ క్రోమ్‌తో (క్రోమియంలో అంత విషం కాని రూపం) అదే పని చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట చిన్న షాపుల్లో ఈ మాట ఎత్తితే ముందు వినిపించేది "రంగు రాదండీ" అనే. రంగు సంగతి తేల్చుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. పాత బాత్ (ట్యాంకులోని ద్రావణం) మన నిర్లక్ష్యాన్ని చాలావరకు మింగేస్తుంది. కొత్త బాత్ ప్రతిదాన్నీ పార్టు మీద పెట్టి చూపిస్తుంది. అందుకే ట్యాంకు ఒక్కటే మారిస్తే కుదరదు, దాని ముందూ వెనకా ఉన్న లైను మొత్తం సరిచేసుకోవాలి.

ఎందుకు మారాలో రెండు ముక్కల్లో చెబుతాను. మామూలు క్రోమ్ బాత్‌లో లీటరుకు సుమారు 250 గ్రాముల క్రోమిక్ యాసిడ్ ఉంటుంది. అందులో క్రోమియం లెక్క కడితే 130 గ్రాములు, అంతా హెక్సావాలెంట్, అంటే విషపు రూపమే. మీరిచ్చే కరెంటులో 10 నుంచి 20 శాతం మాత్రమే పూత వేయడానికి పనికొస్తుంది. మిగతాది హైడ్రోజన్ బుడగలు పుట్టించడానికి పోతుంది. ఆ బుడగలు పైకొచ్చి పగిలినప్పుడు సన్నటి తుంపర లేస్తుంది, ట్యాంకు దగ్గర నిలబడ్డ మనిషికి ముక్కు మండేది దానివల్లే. హెక్సావాలెంట్ క్రోమియం మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1990లోనే తేల్చి, మొదటి గ్రూపులో పెట్టింది. చేతుల మీద పడే గుంట పుండ్ల సంగతి మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే, తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది.

ఇక నీళ్లు. బయటికి వదిలే నీటిలో హెక్సావాలెంట్ క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశంలో ప్రమాణం. పై లెక్క పట్టుకుని చూడండి: ఒక టీస్పూన్ బాత్, అంటే 5 మిల్లీలీటర్లు, 6,500 లీటర్ల నీళ్లను ఆ హద్దు దాకా తీసుకొస్తుంది. ఒక్క వాటర్ ట్యాంకరు పాడవడానికి, పార్టులు వేలాడదీసే జిగ్గు మీంచి కారే టీస్పూనెడు బాత్ చాలన్నమాట.

ఎగుమతి పని చేసేవాళ్లకు ఇంకో టెన్షన్ ఉంది. యూరప్‌లో 2017 సెప్టెంబర్ 21 నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమిక్ యాసిడ్ వాడకూడదు. కాలిఫోర్నియా 2023లో చేసిన నిబంధన ప్రకారం అక్కడ అలంకరణ క్రోమ్‌లో హెక్స్ (హెక్సావాలెంట్) వాడకానికి 2027 నుంచి దారి మూసుకుపోతోంది. అక్కడి నిబంధన ఇక్కడి షాపును కట్టిపడేయదు, కానీ ఇలాంటి మార్పులు మొదలయ్యాక కొనేవాళ్లు ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు.

ముందు మీ ఆర్డర్లు వేరు చేసుకోండి

ఒక కాగితం తీసుకుని నెలలో వచ్చే పనిని రెండు కుప్పలుగా రాయండి. మెరుపు కోసం నికెల్ మీద వేసే సన్నటి క్రోమ్ ఒక కుప్ప. దీని మందం సాధారణంగా అర మైక్రాను లోపే. హైడ్రాలిక్ రాడ్లు, రోలర్లు, అచ్చుల మీద పదుల మైక్రాన్ల మందం వేసే హార్డ్ క్రోమ్ ఇంకో కుప్ప. ఇక్కడి నుంచి చెప్పేదంతా మొదటి కుప్ప గురించే. హార్డ్ క్రోమ్‌కు దారులు వేరు, వాటి గురించి చివర్లో చెబుతాను. ప్లాస్టిక్ మీద క్రోమ్ వేస్తుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఏబీఎస్ ప్లాస్టిక్‌ను గరుకు చేసే ఎచింగ్ ట్యాంకులో కూడా క్రోమిక్ యాసిడే ఉంటుంది. దాన్ని వదిలేసి చివరి ట్యాంకు ఒక్కటీ మార్చి "మేం హెక్స్ ఫ్రీ" అని బోర్డు పెట్టుకోవడం కస్టమర్‌ను మోసం చేయడమే.

క్లోరైడా, సల్ఫేటా?

ట్రైవాలెంట్ బాతులు ముఖ్యంగా ఈ రెండు రకాలు. రెండూ సప్లయర్ దగ్గర తయారుగా దొరికేవే. సొంత ఫార్ములాతో కలుపుకునే పని పెట్టుకోవద్దు.

క్లోరైడ్ బాత్ వేగంగా పూత వేస్తుంది, గ్రాఫైట్ యానోడ్లతో (బాత్‌లోకి కరెంటు పంపే పలకలు) నడుస్తుంది, 25 నుంచి 35 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. వినడానికి బాగుంది కదా, హీటరే అక్కర్లేదని. మే నెలలో రేకుల షెడ్డు కింద ఆ 35 దాటకుండా ఆపడం ఎలాగో అప్పుడే ఆలోచించుకోవాలి. కరెంటు వల్ల బాత్ తనంతట తానే వేడెక్కుతుంది. చిల్లర్ ఖర్చు లెక్కలో వేసుకోకుండా క్లోరైడ్ ఎంచుకోకండి. పైగా చుట్టుపక్కల ఇనుముకు క్లోరైడ్ ఆవిరి తుప్పు పట్టిస్తుంది.

సల్ఫేట్ బాత్ 50-60 డిగ్రీల దగ్గర నడుస్తుంది, నెమ్మదిగా వేస్తుంది. రంగు మాత్రం పాత క్రోమ్‌కు బాగా దగ్గరగా ఉంటుంది. టైటానియం మీద ఇరిడియం లాంటి విలువైన లోహాల ఆక్సైడు పూసిన యానోడ్లు కావాలి, వాటి ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. కుళాయిలు, బాత్రూం ఫిట్టింగులు చేసే షాపుకు నా ఓటు దీనికే. పక్కపక్కన బిగించే సామాన్లలో రంగు తేడా ఇట్టే కనబడుతుంది. స్టాండ్లు, వైరు బుట్టలు లాంటివే ఎక్కువైతే క్లోరైడ్ చాలు.

ఏది ఎంచుకున్నా, ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే మీ సొంత పార్టులు నాలుగు సప్లయర్ ల్యాబ్‌కు పంపి పూత వేయించండి. పాత క్రోమ్ పార్టు పక్కన పెట్టి ఎండలోనూ, ట్యూబులైటు కిందా పెద్ద కస్టమర్లకు చూపించండి. పాతదానిలో నీలి ఛాయ ఉంటుంది, కొత్తదానిలో కాస్త ముదురు ఛాయ. ఒప్పుకున్న నమూనా మీద సంతకం తీసుకుని దాచుకోండి. మారేటప్పుడు అదే సెట్‌లో సగం పాత క్రోమ్, సగం కొత్త క్రోమ్ వెళ్లకుండా చూసుకోండి.

ట్యాంకు, యానోడ్లు, జిగ్గులు

పాత ట్యాంకు కడిగి వాడుకుందామనే ఆశ వదిలేయండి. సీసం లైనింగు ఉన్న ట్యాంకు అసలు పనికిరాదు. పాత పీవీసీ లైనింగు అయినా అతుకుల్లో క్రోమిక్ యాసిడ్ ఇమిడి ఉండి నెలల తరబడి ఊరుతూనే ఉంటుంది. హెక్సావాలెంట్ క్రోమియం ట్రైవాలెంట్ బాత్‌కు విషం. కొత్త పాలీప్రొపిలిన్ ట్యాంకు చేయించండి.

సీసం యానోడ్లు కూడా అంతే. వాటిని ట్రైవాలెంట్ బాత్‌లో దించితే, బాత్‌లోని క్రోమియాన్నే హెక్సావాలెంట్‌గా మార్చేస్తాయి. ఏ దరిద్రం వదిలించుకుందామని ఇంత ఖర్చు పెడుతున్నారో దాన్ని మళ్లీ మీ ట్యాంకులోనే తయారు చేసుకున్నట్టు.

జిగ్గుల దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. పాత జిగ్గు మీది ప్లాస్టిసాల్ (మెత్తటి ప్లాస్టిక్) పూతను వేలితో నొక్కి చూడండి. చీలిన చోట సన్నగా పసుపుపచ్చ నీరు బయటికొస్తుంది. ఎన్నాళ్లుగానో లోపలికి ఇంకిన క్రోమిక్ యాసిడ్ అది. అలాంటి జిగ్గు కొత్త బాత్‌లోకి దిగిన ప్రతిసారీ కాస్త విషం దింపి వస్తుంది. వీలైతే కొత్త జిగ్గులు చేయించండి. లేదంటే పాత పూత పూర్తిగా ఒలిచి, శుభ్రం చేసి, మళ్లీ పూత వేయించండి.

ట్యాంకు పైన కరెంటు తెచ్చే రాగి కడ్డీ, బస్‌బార్ ఉంటుంది కదా, దాని మీద ఆకుపచ్చ చిలుము పేరుకుంటుంది. ఎవరో ఒకరు తడి గుడ్డతో తుడుస్తారు, ఆ నీళ్లు బాత్‌లో పడతాయి. పాత బాత్ పట్టించుకునేది కాదు. ట్రైవాలెంట్‌లో ఆ కొంచెం రాగికే పార్టుల లోతట్టు భాగాల్లో నల్లటి చారలు వస్తాయి. బస్‌బార్‌కు పీవీసీ తొడుగు వేయండి, తుడవాల్సి వస్తే పక్కకు తీసి తుడవండి. గాలితో కలపడానికి కంప్రెసర్ వాడొద్దు, దాని గాలిలో నూనె ఉంటుంది. బ్లోయర్ పెట్టండి.

బాత్ తయారీ

బోరు నీళ్లతో కలపకండి, డీఎం నీళ్లే (ఖనిజాలు తీసేసినవి) వాడాలి. సప్లయర్ ఇచ్చిన క్రమం తప్పకండి. ఈ బాతుల్లో బోరిక్ యాసిడ్ ఎక్కువే ఉంటుంది, చల్లటి నీళ్లలో అది సరిగా కరగదు. వేడి నీళ్లలో విడిగా కరిగించి పోయాలి. లేకపోతే పలుకులుగా అడుగుకు దిగి, పంపులో ఇరుక్కుని, పార్టుల మీద గరుకుగా అంటుకుంటుంది. పీహెచ్‌ను సరిచేశాక వెంటనే కొలిచి మళ్లీ యాసిడో, క్షారమో పోసేయకండి. ఈ బాత్‌లో పీహెచ్ స్థిరపడటానికి టైం పడుతుంది. తొందరపడితే అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

తర్వాత పనికిరాని రేకులు వేలాడదీసి, తక్కువ కరెంటు మీద కొన్ని గంటలు డమ్మీ ప్లేటింగ్ చేయండి. మొదట్లో ఉన్న చెత్త లోహాలు రేకుల మీదికి లాగబడతాయి. చివరగా హల్ సెల్ (చిన్న నమూనా ట్యాంకు) పరీక్ష. 267 మిల్లీలీటర్ల బాత్ తీసుకుని, సప్లయర్ చెప్పిన కరెంటు, టైంతో ఒక ప్యానెల్ చేయండి. బాగా వచ్చిన ఆ మొదటి ప్యానెల్‌ను తేదీ రాసి గోడకు తగిలించండి. రేపు ఏ తేడా వచ్చినా పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.

రోజువారీ నడపడం

నికెల్ నుంచి క్రోమ్‌కు మధ్య దారి మీద కన్నేసి ఉంచండి. బ్రైట్ నికెల్ నుంచి తీసిన పార్టు గాలిలో ఎక్కువసేపు ఉంటే దాని పైపొర మొద్దుబారిపోతుంది, దాని మీద క్రోమ్ మచ్చలుగా పడుతుంది. నికెల్ తర్వాత రెండు రిన్సులు (నీళ్లలో కడగడాలు), ఆపైన పలుచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఒక ముంచు, మళ్లీ శుభ్రమైన నీళ్లు, ఆ వెంటనే క్రోమ్. టీ టైంకు జిగ్గు మధ్యలో వేలాడదీసి వెళ్లే అలవాటు మానుకోవాలి. నికెల్ బాత్ బ్రైట్‌నర్లు (మెరుపునిచ్చే కెమికల్స్) రిన్సుల్లోంచి దాటి క్రోమ్‌లోకి వచ్చినా పొగ కమ్మినట్టు మచ్చ వస్తుంది, కాబట్టి ఆ రిన్సు నీళ్లు మురికిగా ఉంచకండి.

పీహెచ్, టెంపరేచర్ షిఫ్టుకు రెండుసార్లైనా చూడండి. మీరు కొన్న బాత్‌ను బట్టి పీహెచ్ 2.5 నుంచి 3.8 మధ్యలో ఎక్కడో ఒక ఇరుకైన హద్దులో ఉండాలి. పీహెచ్ పేపరు చాలదు, మీటరు కొనండి, రోజూ బఫర్‌తో సరిచూడండి. ట్యాంకుకు డీసీ కరెంటు ఇచ్చే రెక్టిఫయర్‌కు ఆంపియర్-అవర్ మీటరు పెట్టించుకుంటే కెమికల్స్ ఎప్పుడు ఎంత పోయాలో అదే చెబుతుంది. పాత బాత్‌లో మేస్త్రీ రంగు చూసి "కొంచెం యాసిడ్ తగ్గింది" అని దోసెడు గుమ్మరించేవాడు. ఇక్కడ ఆ విద్య పనిచేయదు. మేస్త్రీ అనుభవం వృథా కాదు గానీ, చేతికి పుస్తకం, పెన్ను కూడా ఇవ్వాలి.

జిగ్గు మీంచి జారి ట్యాంకులో పడ్డ పార్టు ఆ షిఫ్టులోనే బయటికి రావాలి. ముఖ్యంగా జింక్ డైకాస్టింగ్, ఇత్తడి. అవి అడుగున కరుగుతూ రాగినీ జింకునూ బాత్‌లో కలుపుతుంటాయి. లోహాలు పేరుకున్నాక తీయడానికి అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ కాలమ్ ఉంటే మంచిది. మొదట్లోనే కొనలేకపోతే వారాంతాల్లో డమ్మీ ప్లేటింగ్‌తో నెట్టుకురావచ్చు.

పాత బాత్‌తో పోలిస్తే సుఖాలూ ఉన్నాయి. మూల మూలలకూ పూత బాగా పాకుతుంది. అంచులు కాలిపోవడం తగ్గుతుంది. ప్లేటింగ్ మధ్యలో కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే పాత క్రోమ్ పాలిపోయి తెల్లగా తేలేది, ట్రైవాలెంట్ అంత అలగదు. కరెంటు కోతలున్న చోట ఇది చిన్న విషయం కాదు. బాత్‌లో లోహం తక్కువ కాబట్టి పార్టుతో పాటు కారిపోయేదీ తక్కువే. పాత బాత్‌లో లీటరుకు 130 గ్రాముల క్రోమియం ఉంటే క్లోరైడ్ బాత్‌లో సుమారు 20, సల్ఫేట్‌లో అంతకంటే తక్కువ. ఆ మేరకు స్లడ్జి (నీళ్లు శుద్ధి చేశాక మిగిలే మడ్డి) తగ్గుతుంది.

ఒక లోటు మాత్రం ఉంది. స్టీలు పైపుల లోపలికి పూత వెళ్లదు. పాత బాత్‌లో క్రోమిక్ యాసిడ్ ఆ బోసి ఇనుమును కొంత కాపాడేది, ట్రైవాలెంట్ కాపాడదు. కుర్చీ కాళ్లు, స్టాండ్ల గొట్టాలు గోడౌన్లో ఉండగానే లోపలినుంచి ఎర్రబారతాయి. ప్లేటింగ్ తర్వాత హెక్స్ లేని పోస్ట్ డిప్ (తుప్పు ఆపడానికి చివర్లో ముంచే ద్రావణం) పెట్టండి, బాగా కడిగి లోపల తడి లేకుండా వేడి గాలితో ఆరబెట్టండి. ఆ పోస్ట్ డిప్ డబ్బా మీద "క్రోమేట్" అని ఉందేమో చూసి కొనండి. ఉంటే అదీ పాత సరుకే.

రిజెక్టు పార్టుల మీది క్రోమ్ తీసేటప్పుడు కూడా జాగ్రత్త. కాస్టిక్ ద్రావణంలో రివర్స్ కరెంటుతో తీస్తే వచ్చేది హెక్సావాలెంట్ క్రోమియమే. నికెల్ మీది సన్నటి క్రోమ్‌ను పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో తీస్తే ట్రైవాలెంట్ రూపంలో కరుగుతుంది. ఆవిరి లాగే ఫ్యాను మాత్రం తప్పనిసరి.

ట్రైవాలెంట్ అన్నాక గ్లవ్స్ తీసి అవతల పడేయొచ్చని అనుకోకండి. నికెల్, యాసిడ్లు, బోరిక్ యాసిడ్ ఎక్కడికీ పోలేదు. రబ్బరు ఏప్రాన్, పొడవు గ్లవ్స్, కళ్లద్దాలు, ట్యాంకు అంచున గాలి లాగే ఏర్పాటు అన్నీ ఉండాలి.

కడిగిన నీళ్లు

జిగ్గు పైకెత్తాక ట్యాంకు మీదే అర నిమిషం ఆపండి. పైసా ఖర్చు లేని పని, అయినా చాలామంది చేయరు. తర్వాత రెండు మూడు రిన్సులు వరసగా పెట్టి, శుభ్రమైన నీళ్లు చివరి ట్యాంకులోకి వదిలి అక్కడి నుంచి ముందుకు పారేలా అమర్చండి. ఒకే ట్యాంకులో పంపు తిప్పి వదిలేయడం కంటే నీళ్లు చాలా తక్కువ పడతాయి.

ట్రైవాలెంట్ నీళ్లకు పాత పద్ధతిలా మెటాబైసల్ఫైట్ వేసి హెక్స్‌ను ట్రైవాలెంట్‌గా మార్చే దశ అక్కర్లేదు. సున్నంతో పీహెచ్ 8.5-9 దాకా తెస్తే పచ్చటి మడ్డిలా క్రోమియం దిగుతుంది. అయితే ఈ బాతుల్లో లోహాన్ని పట్టి ఉంచే కెమికల్స్ కొన్ని ఉంటాయి. ఆ నీళ్లు నికెల్, రాగి నీళ్లతో కలిస్తే వాటినీ దిగకుండా పట్టి ఉంచుతాయి. అందుకని క్రోమ్ లైను నీళ్లను వేరే పైపులో తెచ్చి విడిగా శుద్ధి చేయండి. రాగికి సయనైడ్ బాత్ వాడుతుంటే దాని నీళ్లు ఏ యాసిడ్ నీళ్లతోనూ కలవకూడదు. పుట్టేది మనిషిని నిలబడ్డ చోటే చంపే గ్యాస్.

మడ్డి ఏదైనా 2016 హజార్డస్ వేస్ట్ నిబంధనల కిందికే వస్తుంది. షెడ్డు కింద, కారని డ్రమ్ముల్లో, లేబుల్ పెట్టి 90 రోజులు మించకుండా ఉంచి, మేనిఫెస్ట్ (రవాణా పత్రం) రాసి అనుమతి ఉన్న కేంద్రానికి పంపాలి. తెలంగాణలో దుండిగల్, ఆంధ్రలో విశాఖ దగ్గర పరవాడలో అలాంటి కేంద్రాలున్నాయి. బాత్ మార్చేముందే పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకు తెలియజేసి మీ అనుమతి పత్రాల్లో మార్పు చేయించుకోండి.

పాత బాత్‌ను ఏం చేయాలి?

అసలు ప్రమాదం మొత్తం ఈ దశలోనే ఉంది. వెయ్యి లీటర్ల ట్యాంకులో 250 కిలోల క్రోమిక్ యాసిడ్ ఉంటుంది. రాత్రి పూట నాలాలోకి వదిలేవాళ్లు ఏం వదులుతున్నారో పై టీస్పూన్ లెక్కతో మీరే గుణించుకోండి. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే తమిళనాడులో రాణిపేట ఉంది. అక్కడ మూతబడిన ఒక క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలేసిన లక్షల టన్నుల వ్యర్థం చుట్టుపక్కల భూగర్భ జలాన్ని దశాబ్దాలుగా పసుపు పట్టిస్తోంది.

బాత్ మంచి స్థితిలో ఉంటే అనుమతి ఉన్న హార్డ్ క్రోమ్ షాపుకు ఇవ్వడం కుదురుతుందేమో బోర్డును రాతపూర్వకంగా అడగండి. లేదంటే డ్రమ్ముల్లో నింపి అనుమతి ఉన్న కేంద్రానికి అప్పగించండి. మీ దగ్గరే శుద్ధి చేద్దామని చూడకండి. వెయ్యి లీటర్లకు లెక్క ప్రకారమే 350 కిలోల పైన మెటాబైసల్ఫైట్ పడుతుంది. చిక్కటి బాత్‌లో దాన్ని గుమ్మరిస్తే విపరీతమైన వేడి, ఊపిరాడనివ్వని సల్ఫర్ డయాక్సైడ్ గ్యాస్ రెండూ ఒకేసారి లేస్తాయి. ట్యాంకు, పైపులు కడిగిన పలుచటి నీళ్లను మాత్రం మీ ఈటీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటు) శుద్ధి చేసుకోవచ్చు. పీహెచ్ 2-3కి తెచ్చి, గాలి ఆడే చోట మెటాబైసల్ఫైట్ కొద్దికొద్దిగా కలపండి. పసుపు పోయి ఆకుపచ్చ తిరగాలి. కంటికి నమ్మకం చిక్కినా డైఫినైల్ కార్బజైడ్ పరీక్ష చేయండి. యాసిడ్ కలిపిన శాంపిల్‌లో చుక్క వేయగానే ఊదా ఎరుపు వచ్చిందంటే ఇంకా హెక్స్ ఉన్నట్టే.

పాత ట్యాంకు కింది గచ్చు కూడా చూడండి. పసుపు ఇంకిన సిమెంటు పెచ్చులు తవ్వితే అవీ హజార్డస్ వేస్టే, ఇంటి శిథిలాల ట్రాక్టర్లో వేయకూడదు.

హార్డ్ క్రోమ్ పని ఉన్నవాళ్లకు

కొన్ని పార్టులకు ఎలెక్ట్రోలెస్ నికెల్ సరిపోతుంది. పూత వేశాక 400 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే గట్టితనం హార్డ్ క్రోమ్‌కు దగ్గరగా వస్తుంది. రాడ్లు, రోలర్ల మీద టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని మంటతో వేగంగా చల్లే హెచ్‌వీఓఎఫ్ పద్ధతి ఉంది, విమానాల ల్యాండింగ్ గేరుకు కూడా వాడుతున్నారు. ఆ యంత్రం చిన్న షాపు కొనేది కాదు, జాబ్‌వర్క్‌కు ఇవ్వాలి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ డిటొనేషన్ స్ప్రే, లేజర్ క్లాడింగ్ లాంటి పూతల మీద ఏళ్లుగా పనిచేస్తోంది. మీ పార్టు డ్రాయింగ్ పట్టుకుని వెళ్లి అడగడంలో తప్పు లేదు.

అప్పటిదాకా హెక్స్ ట్యాంకు నడపక తప్పకపోతే తుంపర లేవకుండా చూడండి. బాత్ మీద ప్లాస్టిక్ బంతుల పొర, తుంపర తగ్గించే మిస్ట్ సప్రెసెంట్, పని లేనప్పుడు మూత, అంచున గాలి లాగే హుడ్డు, దాని చివర స్క్రబ్బరు. సప్రెసెంట్ కొనేటప్పుడు పీఎఫ్ఓఎస్ లేనిది అడగండి, ఆ కెమికల్ 2009లోనే, ఎన్నాళ్లైనా పోని విష రసాయనాల మీది స్టాక్‌హోం ఒప్పందం జాబితాకెక్కింది. ముఖానికి కట్టుకున్న గుడ్డ దేన్నీ ఆపదు, సరైన ఫిల్టరున్న రెస్పిరేటర్ ఇవ్వండి. ఆరు నెలలకోసారి వర్కర్లందరినీ ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ముక్కు లోపలి గోడకు రంధ్రం పడుతున్నా చాలామందికి నొప్పి తెలియదు, కాబట్టి "నాకేం లేదు సార్" అన్న మాట విని వదిలేయకండి.